కీలక సిబ్బంది

మంచం పట్టిన రోగిని పక్కకు తిప్పేటప్పుడు ఇద్దరు మనుషులు ఉండాలని టెండర్లో రాశారు. ఒకరు భుజం పట్టుకోవాలట, ఒకరు తుంటి పట్టుకోవాలట. నేను అత్తగారి భుజం కింద చెయ్యీ, తుంటి కింద మోకాలూ పెట్టి, పళ్ళ బిగువున ఆవిడను గోడవైపుకు తిప్పుతూ ఆ షరతుకు ఏం జవాబు రాయాలా అని ఆలోచిస్తున్నాను. ఆలోచించడానికేముంది, "పూర్తిగా పాటిస్తున్నాము" అని రాయాలి. టెండర్లలో ప్రతి షరతుకూ ఎదురుగా అందరూ రాసేది అదే. పాటించేవాడూ అదే రాస్తాడు, పాటించనివాడూ అదే రాస్తాడు. కాకపోతే పాటించనివాడు ఇంకాస్త అందంగా రాస్తాడు.

"మెల్లిగా తిప్పవే. మనిషిననుకున్నావా, మూటననుకున్నావా?" అన్నారు అత్తగారు గోడతో.

పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నేళ్ళూ నేను ఒక కంపెనీలో టెండర్లు రాసే ఉద్యోగం చేశాను. బయటివాళ్ళకు అది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. ప్రభుత్వం వాళ్ళు వందల పేజీలు పంపిస్తారు. మూడో అనుబంధంలో ఒకటి చెప్పి, ఏడో అనుబంధంలో దానికి అడ్డంగా ఇంకొకటి చెబుతారు. ఆఖరి తేదీ దగ్గర పడ్డాక సవరణ అంటూ ఒక పేజీ తగిలించి, రాసిందంతా మళ్ళీ రాయిస్తారు. ఒక్క పేజీకి స్టాంపు పడకపోతే మిగతా కట్టంతా చదవకుండానే పక్కన పడేస్తారు. ఏ పేజీలో ఏ గొయ్యి తవ్వి పెట్టారో కనిపెట్టడం నా పని. "అందరూ పుట్టలోంచి పాముల్ని పడితే నువ్వు పేజీల్లోంచి పడతావు" అనేది మా మేనేజరమ్మ. ఆ మాట విన్న రోజు ఇంటికి నడిచి వెళ్ళాను, బస్సెక్కితే ఆ సంతోషం తొందరగా అయిపోతుందేమోనని.

అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు మా ఆయన "ఒక్క నెల సెలవు పెట్టు, తర్వాత మనిషిని పెడదాం" అన్నారు. ఎనిమిదేళ్ళయింది. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

ఆఫీసులకు ఊడ్చేవాళ్ళనూ కాపలావాళ్ళనూ సరఫరా చేసే చిన్న సంస్థ మా ఆయనది. "ఇంట్లో ఖాళీగానే ఉన్నావు కదా, ఓ రెండు ముక్కలు రాసిపెట్టు" అని మొదలుపెట్టారు. ఆ రెండు ముక్కలు రెండొందల పేజీలైనా ఆయన లెక్కలో రెండు ముక్కలుగానే ఉండిపోయాయి. అత్తగారి మంచం పక్కన, మందుల బల్లకు ఒక చివర కంప్యూటరు పెట్టుకున్నాను. వేరే గదిలో పెట్టుకుంటే ఆవిడ పిలిచినప్పుడు వినపడదని ఆయనే అక్కడ పెట్టించారు. గెలిచిన టెండర్ల గురించి బయట చెప్పేటప్పుడు "మా టీమ్ బాగా కష్టపడింది" అనేవారు. ఓడిపోయిన వాటికి మాత్రం టీమ్ ఉండేది కాదు, నేనుండేదాన్ని.

ఒకసారి ఒక పెద్ద టెండరు అప్‌లోడ్ చేస్తున్నాను. పోర్టల్ మూసేసే ముందు ఎప్పుడూ ఉండే తొక్కిసలాటే, చక్రం తిరుగుతోంది గానీ ఫైలు కదలడం లేదు. ఆఖరి బటన్ వచ్చింది. సరిగ్గా అప్పుడే అత్తగారు బల్లమీది నీళ్ళ గ్లాసును మోచేత్తో పక్కమీదికి తోశారు. పక్క తడిసింది, మార్చమన్నారు. ఒక్క నిమిషం అత్తయ్యా అన్నాను. "నీళ్ళతో పాటు అదీ అయిపోయిందే" అని ఏడుపు మొదలుపెట్టారు. వెళ్ళి మార్చాను. తిరిగి వచ్చేసరికి పోర్టల్ మూసేశారు. ఆ రోజు నుంచి మా ఆయన నన్ను "బటన్" అని పిలవడం మొదలుపెట్టారు. "ఏం బటనూ, టీ అయిందా?" అనేవారు చుట్టాల ముందు. ఎందుకలా పిలుస్తావని వాళ్ళడిగితే, ఒక్క బటన్ నొక్కమంటే నొక్కలేకపోయిందని కథంతా చెప్పేవారు. వేరే ఊళ్ళో ఉండే మా బావగారు వాళ్ళమ్మను చూడ్డానికి రావడం మానేశారు గానీ, ఫోన్లో "బటనమ్మ బాగుందా?" అని అడగడం మానలేదు. నవ్వేదాన్ని. నవ్వకపోతే దాని మీద ఇంకో కథ పుడుతుంది.

ఈసారి వచ్చిన టెండరు వేరు. ఇళ్ళల్లో మంచం పట్టి ఉన్న ముసలివాళ్ళకు మనుషుల్ని పెట్టి సేవ చేయించాలి, ఖర్చు ప్రభుత్వానిది, కాలం మూడేళ్ళు. మా ఆయన కళ్ళు మెరిశాయి. అదే వారంలో మా పాత మేనేజరమ్మ ఫోన్ చేసింది. కొత్త కంపెనీలో టెండర్ల విభాగం తన చేతికి వచ్చిందట. "నువ్వు వస్తానంటే ఆ కుర్చీ నీది. ఒకటో తారీకు చేరాలి" అంది. నేను మా ఆయనతో చెప్పాను. ఆయన కోప్పడలేదు. నా భుజం మీద చెయ్యి వేసి "ఈ టెండరు గెలిపించు. వందమంది ఆయాలు మన చేతికింద ఉంటారు. అందులో ఇద్దర్ని అమ్మకు పెట్టి నిన్ను నేనే దింపి వస్తాను" అన్నారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని తెలిసీ నమ్మాను. ఆ చెయ్యి భుజం మీద పడి చాలా కాలమైంది మరి.

అసలు చిక్కు అనుభవం దగ్గర వచ్చింది. మంచం పట్టిన రోగికి ఇంట్లో సేవ చేయించిన అనుభవం చూపించాలి. ఊడ్చిన అనుభవం పనికిరాదు. మా ఆయన మంచం వైపు చూసి "ఉందిగా మనింట్లో" అన్నారు. ఇల్లు బావగారి పేరున ఉంది. కాబట్టి కాగితం మీద బావగారు క్లయింటు, అత్తగారు రోగి, మా ఆయన సంస్థ సేవ చేసింది. సేవ అమోఘమని బావగారు సంతకం చేసి పంపారు. తల్లి ముఖం చూసి రెండేళ్ళు దాటిన మనిషి, ఆవిడ రోజురోజుకూ తేరుకుంటున్న తీరు తనను కదిలించిందని కూడా రాశారు. ఆ వాక్యం నేనే రాసి పంపాననుకోండి.

తర్వాత ప్రధాన పరిచారిక ఎవరో చూపించాలి. ఆమె అనుభవం, ఆమె గుర్తింపు కార్డు, ఫోటో. మా ఆయన నర్సు కోసం వెతికి వెతికి దొరక్క "ప్రస్తుతానికి నీ కార్డు పెట్టేయ్, తర్వాత మారుద్దాం" అన్నారు.

"మార్చనివ్వరండీ. వీళ్ళను కీలక సిబ్బంది అంటారు. వీళ్ళకు విడిగా మార్కులుంటాయి. ఎవర్ని చూపించి గెలుస్తామో ఆ మనిషే పనిలో ఉండాలి."

"ఎవడు చూడొచ్చాడు? నీ చాదస్తం నువ్వూ."

సరేనని నా గురించి నేను రాసుకున్నాను. ఎనిమిదేళ్ళ అనుభవం. ముక్కులో వేసిన గొట్టం ద్వారా ఆహారం పట్టడం తెలుసు. జావ ఎంత పల్చగా ఉంటే పొలమారదో తెలుసు. మాట పడిపోయిన రోజుల్లో కళ్ళను బట్టి అవసరం కనిపెట్టిన అనుభవం ఉంది. రోగి వీపు మీద ఇంతవరకు ఒక్క పుండు లేదు. రాస్తుంటే పేజీ దాటిపోయింది. ఆ బిడ్డు మొత్తంలో నిజమున్న పేజీ అదొక్కటే. చదివి చూడండి అని మా ఆయనకిచ్చాను. "పొడుగైంది, కొంచెం కుదించు" అన్నారు.

చూడొచ్చారు. ధరలు రాసిన ఆర్థిక బిడ్లు తెరిచే ముందు, అనుభవం చూపించిన ఇంటిని స్వయంగా తనిఖీ చేస్తామని కబురొచ్చింది. ఆ రోజు పొద్దున మా ఆయన హాల్లో ఉన్న మా పెళ్ళి ఫోటో తీసి బీరువా వెనక్కు తోశారు. తన దగ్గర ఊడ్చే పని చేసే ఇద్దరు ఆడవాళ్ళను తెచ్చి నీలం కోట్లు తొడిగించారు. మూడో కోటు నాకిచ్చారు. "ఆ ఉంగరం తీసెయ్. నాదీ నీదీ ఒకటే రకం, గుర్తుపడతారు. నన్ను సార్ అను. అమ్మను పెద్దమ్మగారూ అను" అన్నారు. ఉంగరం రాలేదు. సబ్బు రాసి తనే లాగారు. పెళ్ళిలో తొడిగినప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు. అత్తగారికి ఈ ఆట బాగా నచ్చింది. కొడుకును "మేనేజరుగారూ, మేనేజరుగారూ" అని పిలిచి మురిసిపోయారు.

తనిఖీకి వచ్చినావిడ నడివయసు మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కడుక్కుని మంచం దగ్గరికి వచ్చింది. చేతిలో నేను రాసిన పేజీ ఉంది. "మీ గురించి చదివాను. కూర్చోండి" అంది నాతో. ఆ గదిలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆవిడే. ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే ఉన్నాను.

రోగిని తిప్పి చూపించమంది. ఊడ్చేవాళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. నేనే తిప్పాను. ఆవిడ అత్తగారి నైటీ పైకెత్తి వీపంతా, తుంటి, మడమలు వేలితో తడిమి చూసింది. "ఎనిమిదేళ్ళు మంచం మీదుండి ఒక్క మచ్చ లేదు. ఆసుపత్రుల్లో కూడా ఇలా చూడలేదు నేను" అంది. తర్వాత అడగాల్సినవన్నీ అడిగింది. రోజుకు ఎన్ని గంటలు పని? ఎనిమిది అన్నాను. ఎనిమిది దాటితే వేరే మనిషి వస్తుందా? వస్తుందండి. వారానికో సెలవు ఉందా? ఉందండి. ఏ రోజు? ఆ గడి నేను బిడ్డులో ఖాళీగా వదిలేశాను. "ఆదివారం" అన్నారు మా ఆయన వెనకనుంచి. జీతం ఎప్పుడైనా ఆలస్యమైందా అని అడిగింది. "ఇంతవరకు ఎప్పుడూ ఆలస్యం కాలేదండీ" అన్నాను. నిజమే చెప్పాను. రాని జీతానికి ఆలస్యమేముంటుంది.

ఆవిడ అత్తగారి వైపు తిరిగింది. "పెద్దమ్మా, ఈమె బాగా చూసుకుంటుందా?"

"ఈ పిల్లా? బంగారం తల్లీ. దీని చెయ్యి ఎంత మెత్తనో. నొప్పెక్కడుందో నేను చెప్పకముందే దానికి తెలుస్తుంది. పూర్వజన్మలో నా కన్నకూతురేమో."

"ఇంట్లో వాళ్ళెవరూ లేరా?"

"కోడలుందమ్మా, ఏం లాభం? పొద్దస్తమానం ఆ కంప్యూటరు ముందే. నా దగ్గరికొస్తే ముక్కు మూసుకుంటుంది. ఇంట్లో కోడలుండీ నేను దిక్కులేనిదాన్నే. ఇదిగో, ఈ జీతగత్తె నయం."

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అత్తగారి మాటలు ఆయన నేర్పినవి కావు, నేర్పడానికి ఆయనకంత తెలివి లేదు. అత్తగారి గొంతులో నటన లేదని నాకు తెలుసు. ఎనిమిదేళ్ళుగా ఆ గొంతులో ప్రతి మలుపూ వింటున్నదాన్ని, ఏది దొంగ ఏడుపో ఏది నిజం ఏడుపో పక్కగదిలోంచే చెప్పగలను. నా చెయ్యి మెత్తన అన్నప్పుడూ నిజంగానే అన్నారు. కోడలు ముక్కు మూసుకుంటుంది అన్నప్పుడూ నిజంగానే అన్నారు. రెండు మాటలూ ఒకే నోట్లో, ఒకే మనిషి మీద, ఒకదాన్నొకటి తోసుకోకుండా అలా ఎలా ఉన్నాయో నాకు అర్థం కాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పనికిరాదని కాదు, పనికొస్తుందని ఒప్పుకుంటే చెట్టుకు నీళ్ళు పొయ్యాలి. అంటే ఇన్నాళ్ళూ ఆవిడకు తెలుసు. ముక్కుతూ మూలుగుతూ నన్ను తిట్టిన ప్రతి రోజూ తెలుసు.

అందరూ వెళ్ళాక అడిగాను. "అత్తయ్యా, నా చెయ్యి మెత్తనని నాతో ఎప్పుడూ అనలేదేం?"

అత్తగారు నన్ను చూసి నవ్వారు. పళ్ళు లేని ఆ నవ్వు చాలా హాయిగా ఉంది. "పనిదానికి చెబితే ఇంకా బాగా చేస్తుంది. కోడలికి చెబితే నెత్తికెక్కుతుంది. అది కూడా తెలీదా నీకు?"

టెండరు మాకే వచ్చింది. కీలక సిబ్బందికి పూర్తి మార్కులు పడ్డాయట. మా ఆయన స్వీట్లు పంచారు, నా నోట్లో కూడా ఒకటి పెట్టారు. ఒకటో తారీకు దగ్గర పడుతోంది, అమ్మకు పెట్టే ఇద్దరూ ఎప్పుడొస్తారు అని అడిగాను. ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు.

"నువ్వే కదా చెప్పావు, చూపించిన మనిషిని మార్చకూడదని. నీ ఫోటో వాళ్ళ ఫైల్లో ఉంది. తనిఖీ ఆవిడ ఎప్పుడైనా మళ్ళీ వస్తుంది. ఇంకో సంగతి, కొత్త ఆయాలను బ్యాచీలుగా ఇక్కడికే పంపుతాను, అమ్మ మీద నేర్పించు. ఇకనుంచి ఇంట్లో నీలం కోటులోనే ఉండు, సేఫ్."

"మరి నా ఉద్యోగం?"

"మీ మేనేజరమ్మకు నేను ఫోన్ చేసి చెప్పేశాను. నీ ఫోన్ నుంచే. మా ఆవిడకు ఇంట్లో బాధ్యతలున్నాయండీ, రాలేదు, తనే చెప్పమంది అన్నాను. మర్యాదగానే చెప్పాన్లే."

అరిచి ఉండాల్సింది. అరవలేదు. నాకు ఏడుపు కూడా రాలేదు. గిన్నెలు తోముతూ, పక్క మారుస్తూ, జావ వడగడుతూ ఆయన మాటనే మళ్ళీ మళ్ళీ తిప్పి చూసుకున్నాను. చేశాక నాకు చెప్పారు కదా, ఇంకేం కావాలి అన్నట్టుంది ఆయన గొంతు. నా నోటి మాటను నా ఫోన్లోంచి తీసి వాడుకోవడం ఆయనకు దొంగతనంగా తోచలేదు. ఇంట్లో వస్తువు వాడుకున్నట్టే తోచింది. నా చేతులు అత్తగారివి, నా రాత ఆయన టీమ్‌ది, నా నవ్వు చుట్టాలది. నోరొక్కటి నాకుందనుకున్నాను. అదీ పోయింది. నేను ఈ ఇంట్లోంచి ఎలా వెళ్ళగలను, భార్యకు రాజీనామా అనేది ఉండదు, కోడలికి పదవీ విరమణ ఉండదు, అనుకుంటూ జావ గిన్నె దించాను. దించిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

కీలక సిబ్బందిని మార్చకూడదన్న షరతు కింద ఇంకో వాక్యం ఉంది. ఆయన చదవలేదు, ఆయన ఏ పేజీ చదివారు గనక. ఆ మనిషి తనంతట తాను ఉద్యోగం మానేస్తే ఎవరూ ఆపడానికి వీల్లేదు. రెండు వారాల్లో, అంతే అనుభవం ఉన్న మనిషిని గుత్తేదారు చూపించాలి. చూపించలేకపోతే గుత్త రద్దు. దానికెదురుగా "పూర్తిగా పాటిస్తాము" అని రాసింది నేనే. కింద సంతకం ఆయనది.

మేనేజరమ్మకు ఫోన్ చేశాను. "మీ ఆయన చెప్పింది విన్నాను. నువ్వు చెప్పలేదు కదా, అందుకే ఇంకెవర్నీ తీసుకోలేదు" అంది. ఉండటానికి గది గురించి అడిగితే తన ఇంటి పై గది ఖాళీగానే ఉందంది. అప్పుడు ఏడ్చాను, బాత్రూంలో కుళాయి తిప్పి.

వందల పేజీలు రాసిన చేత్తో రెండు వాక్యాల రాజీనామా రాశాను. ఒకటి గుత్తేదారుకు, ఎలాగూ ఆయన తెరిచి చదవరు, నకలు తనిఖీకి వచ్చిన ఆవిడకు. ఒకటో తారీకు పొద్దున, మా ఆయన టీ తాగుతుండగా తనిఖీ ఆవిడ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. సరేనండీ, అలాగేనండీ అంటూ మాట్లాడి పెట్టేశారు. కప్పు కింద పెట్టి నన్ను చూశారు. నేను అప్పటికే బయటికి వెళ్ళే బట్టల్లో ఉన్నాను, సంచి గుమ్మం దగ్గరుంది.

"ఏంటిది? నువ్వు నా పెళ్ళానివి. పెళ్ళాం రాజీనామా ఇవ్వడమేంటి?"

"ఆ మాట ఆవిడకే ఫోన్ చేసి చెప్పండి. పెళ్ళాన్నని చెబితే రాజీనామా చెల్లదు."

ఆయన ఫోన్ వైపు చూశారు. నా భార్య, నా తల్లి, మా ఇల్లు, అని ఆ మూడు మాటలూ చెబితే గుత్త పోతుంది, సంస్థను మళ్ళీ ఏ టెండరుకూ రానివ్వరు. ఆయన ముఖంలో లెక్క నడవడం నాకు కనిపించింది. ఆ లెక్కలో నేను ఏ వైపు తూగుతానో చూద్దామని, సిగ్గు లేకుండా, కాసేపు నిలబడ్డాను. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

"రెండు వారాలు ఆగు. మనిషి దొరికేదాకా" అన్నారు. గొంతు మారింది. "ప్లీజ్" కూడా అన్నారు. పేరు పెట్టి పిలుద్దామని నోరు తెరిచి, బటన్ తప్ప ఇంకేమీ అలవాటు లేక ఆగిపోయారు.

నీలం కోటు మడిచి అత్తగారి మంచం చివర పెట్టాను. ఆవిడ అంతా వింటూనే ఉన్నారు. పక్క తడిసిన వాసన వస్తోంది. నా చేతులు వాటంతటవే దుప్పటి వైపు వెళ్ళబోయాయి, వెనక్కు తీసుకున్నాను. అత్తగారి కళ్ళల్లో భయం కనిపించింది. దొంగది కాదు, నిజం భయం. నాకు జాలి వేసింది. అయినా కదల్లేదు.

"ఎక్కడికే పోతున్నావు? నన్నెవరు చూస్తారే?"

"నేను మానేశానండీ, పెద్దమ్మగారూ. ఇంట్లో మీ కోడలుంది కదా, పిలుచుకోండి."